నాన్న పేరు మీద నింపిన కాగితం

తీరం పార్కు పనులు చూసే ఇంజినీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఒడ్డు వెంట కట్టబోయే మెట్ల గోడతో పడవలు పైకి లాగే ఏటవాలు మూసివేయకుండా ఆపించుట గురించి, మరియు నేను చేసిన తప్పు గురించి.

మీ వీధివాళ్ళు అడిగిందే గీశాం, ఇప్పుడొచ్చి మా మీద పడితే ఎలా అని నిన్న తమరు అన్నారు. వాళ్ళు అడగలేదండి. ఆ మాట నిన్న మీ గదిలోనే చెప్పాల్సింది. పక్కన నాన్న ఉన్నాడు. అందుకని ఈ అర్జీ.

1. పార్కులో ఏమేం కావాలో ప్రజలను అడిగి రాయించుట నిమిత్తం తమ ఆఫీసువారు మా వీధికి నన్ను నియమించియున్నారు. నూట నలభై కాగితాలు, ఒక టోపీ, రెండు పెన్నులు ఇచ్చారు. నేను పదకొండు ఇళ్ళు తిరిగాను. ఎండ మండిపోతోంది. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి పార్కు సంగతి తప్ప అన్నీ చెబుతున్నారు. మిగతా నూట ఇరవై తొమ్మిదీ సైకిళ్ళ షాపు వెనక కూర్చుని నేనే నింపాను. పెన్నులు మార్చి మార్చి రాశాను, కొన్ని ఎడమ చేత్తో. సంతకాలు కూడా.

2. కనుక ప్లానులో ఉన్న రంగుల ఫౌంటెను ప్రజలది కాదు, నాది. చక్రాల బూట్ల మైదానమూ నాదే. "సముద్రం చూస్తూ కూర్చోడానికి ఒక బల్ల వేయించండి" అన్న కాగితాన్ని తమరు పోయిన నెల మీటింగులో చదివి, పెద్దావిడ ఎంత చక్కగా రాసిందో చూడండి అని మెచ్చుకున్నారు. ఆ మామ్మకు పదేళ్ళుగా చూపు లేదండి.

3. ఇది రాయడానికే కష్టంగా ఉంది. మా నాన్న పని పడవలు బాగుచేయడం. పడవను దుంగల మీద ఆ ఏటవాలు పైకి లాగి, బోర్లించి, చీలికల్లో నూలు కూరి తారు పూస్తాడు. ఊరి మొత్తానికీ పడవ పైకెక్కే చోటు అదొక్కటే, మిగతాదంతా రాళ్ళు. ఏడో తరగతిలో నేను బడి మానేసిన దగ్గర్నుంచీ ఆ పనిలోకి రమ్మంటాడు. నాకేమో ఒకచోట కాలు నిలవదు. కాగితాలు నింపిన రోజు పొద్దున్నే "నీ కాళ్ళకి చక్రాలున్నాయి గానీ చేతులకే పని లేదురా" అన్నాడు, నలుగురి ముందు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఆయన పేరు మీది కాగితంలో ఇలా రాశాను: "ఆ ఏటవాలు మూసేయించండి. తారు కంపు. నేను ముసలివాణ్ణయ్యాను, ఈ పని ఇంకెవరికీ వద్దు."

4. నిన్న ఏటవాలు ఉంచమని నాన్న బతిమాలుతుంటే తమరు ఆ కాగితమే తీసి ముందు పెట్టారు. ఇది మీరు రాసిందేగా అన్నారు. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. ఉన్నవి మూడు ముక్కలే అయినా చాలాసేపు చదివాడు. నా చేతిరాత ఆయనకు కొత్త కాదు. బడి మార్కుల కార్డు మీద ఆయన సంతకం నేనే పెట్టిన రోజుల నుంచీ తెలుసు. కాగితం మడిచి మీకిచ్చేసి, "అవునండి, నేనే రాశాను. మర్చిపోయాను" అన్నాడు. తమరు నవ్వారు.

మెట్లు దిగాక తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. గేటు దాటాక "మరీ కంపేనంటావురా?" అని అడిగాడు. అంతే. అన్నం దగ్గర అమ్మతో "ముందు వాడికి పెట్టు" అన్నాడు.

5. కావున సోమవారం గోడకు గోతులు తవ్వించక ముందే తమరు స్వయంగా మా వీధికి విచ్చేసి ఇల్లిల్లూ అడగవలెను. నేను వెంట వస్తాను, టోపీ లేకుండా. ఏ కాగితం ఎవరిది కాదో గుమ్మం ముందు నిలబడి చెబుతాను. గోడలో పద్నాలుగు అడుగుల సందు వదిలితే పడవ పడుతుంది, పొద్దున్న నేనే కొలిచాను. ఫౌంటెను తీసేసినా పర్లేదు. మామ్మ బల్ల మాత్రం ఉంచండి. నిన్న సాయంత్రం వెళ్ళి నిజం చెబితే "కళ్ళు పోతే చెవులు కూడా పోయాయా ఏంట్రా, బల్ల ఉండనీ" అంది.

నా మీద ఏ చర్యయినా తీసుకోండి. మా నాన్న అబద్ధం ఆడాడని మాత్రం ఏ ఫైల్లోనూ రాయొద్దు.

పై సంగతులన్నీ తమరు చిత్తగించవలెను. చిత్తగించాక ఆ ఒక్క కాగితం చించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, ఇంట్లో ఏనాడూ కానివాడు.
(కింది సంతకం నాదే.)

మరొక మాట: ఇంకా రాద్దామనుకున్నాను. సముద్రం పోటు మీదుంది. కిటికీలోంచి కనబడుతున్నాడు, నాన్న ఒక్కడే పడవ ముందు దుంగలు పేరుస్తున్నాడు. నన్ను పిలవడం లేదు. వెళ్ళాలి.