కొట్టువాడి కళ్లకు గంతలు

పెద్దోడా,

నువ్వు మమ్మల్ని అడక్కుండా కొన్న వాషింగ్ మిషను పదకొండింటికి తెస్తారట. గుమ్మం దాటనివ్వకు, వెనక్కి పంపెయ్. నేనూ మీ అమ్మా వేరేది కొనడానికి పోతున్నాం.

నీది మంచిదే, కాదనను. కానీ పైనంతా నున్నటి అద్దం, చూపులేని మీ అమ్మ వేళ్లకి ఏమీ తగలదు. నిన్న కొట్టుకెళ్లి అలాంటిదే చూశాం. "నొక్కేచోట ఉబ్బెత్తు చుక్కలు అంటిస్తే సరి, చూపు లేకపోయినా తడిమి నొక్కొచ్చు" అన్నాడు కొట్టువాడు. మీ అమ్మ ఊరుకుంటుందా? "ఏదీ, ముందు నువ్వు నొక్కు నాయనా" అని నాచేత వాడి కళ్లకు తువ్వాలు కట్టించింది. పాపం, చుక్క కోసం తడుముతుంటే వేలు తగిలిన చోటల్లా ఏదో ఒకటి నొక్కుకుపోయింది. ఉత్త మిషను గిరగిరా తిరగడం మొదలెట్టింది. "ఇప్పుడు ఆపు చూద్దాం" అంది. వాడివల్ల కాలేదు. కొట్లో అంతా ఒకటే నవ్వు.

మూలన పాతరకం ఒకటుంది. దాని మీట తిప్పితే టక్కుమంటుంది. మూడు టక్కులు చీరలకి, అయిదు దుప్పట్లకి. మీ అమ్మ ఒక్కసారికే పట్టేసింది. "ఇక నా బట్టలకి ఎవర్నీ బతిమాలక్కర్లేదు" అంది. అలాంటిది అదొక్కటే మిగిలిందట. ఎవరైనా కొనుక్కుపోతారని ఈ పొద్దున నన్ను టీ కూడా తాగనివ్వలేదు.

మీ నాన్న

ఇంకో మాట. ఇంట్లో పాడైన మిషను దగ్గర మీ అమ్మ రోజూ "ఏమండీ, ఏ దీపం వెలిగిందో చూడండి" అని పిలిచేది. విసుక్కుంటూనే వెళ్లేవాణ్ణి. ఇక పిలవదు. నాకేం తోచదురా. ఈ ముక్క మాత్రం ఆవిడకి చదివి వినిపించకు.