మగ్గం మీద ఎర్ర దారం

బెంగుళూరు,
జూలై 2006

అస్మా ఆపాకు సలాం.

నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. అబ్బాజాన్ పోయారని చెబితే "సరే" అని పెట్టేశానని, వచ్చాక కూడా ఏడవలేదని, రాయిలాంటిదాన్నని అందరి ముందూ అన్నావు. అయ్యుండొచ్చు.

నా పనేమిటో నీకెప్పుడూ చెప్పలేదు. కంప్యూటర్ తన పనిలో ఉండగా కీబోర్డో, ఇంకో పరికరమో ఇటు చూడమని పిలుస్తుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. అప్పుడు చేస్తున్న పని ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, పిలుపు అందిందని చెప్పి, మిగతాది తర్వాతకి వాయిదా వేసి వెనక్కి వెళ్ళిపోవాలి. అక్కడే ఎక్కువసేపు ఉండిపోతే మొత్తం నిలిచిపోతుంది. అది చూసుకునే డ్రైవర్ ప్రోగ్రాములు నేను రాస్తాను.

కాలేజీలో చెప్పకముందే దీన్ని ఏలూరులో మనింట్లో చూశాను. తివాచీ నేస్తుండగా వాకిట్లో ఎవరైనా పిలిస్తే అబ్బాజాన్ చేతిలోని ముడి పూర్తిచేసి, ఆగిన చోటుకు గుర్తుగా అక్కడ ఎర్ర దారం కట్టి, "వస్తున్నానండీ" అంటూ లేచేవారు.

నీ ఫోన్‌కి నేను చేసిందీ అంతే. అందిందన్నాను. మిగతాది తర్వాత అనుకున్నాను. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు. ఆఫీసుకు వెళ్తున్నాను, తింటున్నాను.

మగ్గం కొనడానికి తాడేపల్లిగూడెం నుంచి ఎవరో వస్తున్నారని, దాని మీద సగం నేసిన తివాచీని కోసేస్తారని బావగారు చెప్పారు. ఆ రోజు గుండె నొప్పని అబ్బాజాన్ మగ్గం మీంచే లేచారన్నావు కదా. ఎర్ర దారం కట్టే లేచారేమో ఒక్కసారి చూడు.

కట్టి ఉంటే నేనొచ్చేదాకా కోయనివ్వకు. ఆ వరస నేను నేస్తాను.

కట్టకపోతే నాకు చెప్పొద్దు. కోసేయండి.

నీ చెల్లెలు