గోడ దాటిన షాఫ్టు

మార్చి 3
ఏటి పక్కన కొత్తగా పంపుల ఫ్యాక్టరీ లేచింది. వాళ్లకి బుష్‌లు, అంటే లోపల షాఫ్టు తిరిగే లోహపు గొట్టాలు, కావాలట. శాంపిల్ నచ్చిన వర్క్‌షాపుకి ఏడాది పొడుగునా ఆర్డర్. గోడ అవతల బాబాయి కూడా దానికే లేత్ తుడుస్తున్నాడు. పెద్దవాడు ఎముక విసిరితే చిన్నవాళ్లు కొట్టుకు చస్తారని నేను రాసిన కరపత్రంలో ఉంది. నాన్నకి చదివి వినిపించాను. ఎముకో ముక్కో, ముందు ఆ టూల్ సానబట్టరా అన్నాడు.
ఆర్డర్ దక్కకపోతే మన సగం షెడ్డు అమ్ముకోవడమే. ఆ మాట ఆయన అనలేదు. అమ్మ అంది.

మార్చి 4
చెబితే ఎవరూ నమ్మరు. తాతయ్య షెడ్డును పంచుకున్నప్పుడు అన్నదమ్ములిద్దరూ మధ్యలో గోడ కట్టారు. మోటారు మాత్రం ఒక్కటే, మా వైపు. అది తిప్పే షాఫ్టు, పైనున్న పొడవాటి ఇనప కడ్డీ, గోడ కన్నంలోంచి అటు పోతుంది. దానికి బెల్టు తగిలించి బాబాయి తన లేత్ ఆడిస్తాడు. మాటల్లేవు. మోటారు వేసే ముందు నాన్న స్పానర్‌తో గోడ మీద రెండుసార్లు కొడతాడు. అటునుంచి రెండు దెబ్బలు వస్తేనే స్విచ్ నొక్కుతాడు. అవతల బెల్టులో ఎవరి చెయ్యి ఉందోనని.
శుభకార్యాలకి పిలుచుకోరు. చేతులు మాత్రం కాపాడుకుంటారు.

మార్చి 6
వీధిలో సైరన్‌తో గొడవ. బాబాయి కూతురు. దాని గొంతు విని నేనే పెట్టిన పేరు. ఆర్డర్ మాదే, మీ బోర్డు దించుకోండి అన్నయ్యా అంది. మీ నాన్న చేసిన బుష్‌లో షాఫ్టేంటి, ఏనుగు తిరుగుతుంది అన్నాను. అన్నయ్యా అన్నయ్యా అంటూనే నన్ను కడిగిపారేసింది.

మార్చి 9, మధ్యాహ్నం
రేపు శాంపిల్ ఇవ్వాలి. టీకి ఆపిన మోటారు మళ్లీ వేద్దామని నాన్న గోడ కొట్టాడు. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు. స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మన పని చెడగొట్టడానికే ఈ నాటకం అని అరిచాను. జవాబు రాందే వెయ్యనురా అన్నాడు. నేనే స్విచ్ దగ్గరికి పోతే మణికట్టు పట్టి ఆపాడు. అంత గట్టిగా నన్నెప్పుడూ పట్టుకోలేదు.
నిలదీద్దామని వీధి చుట్టి అటు వెళ్లాను. బాబాయి ఒక్కడే ఉన్నాడు. నేల మీద, లేత్‌కి ఆనుకుని, గుండె పట్టుకుని. తగిలించబోయిన బెల్టు రెండో చేతికి చుట్టుకునే ఉంది.
నేను స్విచ్ నొక్కి ఉంటే.
ఆటోలో ఆయన తల నా ఒళ్లో. నాన్న చెప్పుల్లేకుండా వెనక పరిగెత్తుకొచ్చాడు.

మార్చి 9, సాయంత్రం
గండం గడిచిందట. బాబాయి శాంపిల్ సగంలో ఉంది. నాన్న ఆస్పత్రి నుంచి నేరుగా అటు వైపు షెడ్డులోకి పోయాడు. మరి మనది అన్నాను. నువ్వు చెయ్యి అన్నాడు. కొలత తేల్చే చివరి కోత ఇంతవరకు నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను గోడ కొట్టాను. అటునుంచి నాన్న కొట్టాడు.
సైరన్ ఇద్దరికీ టీ తెచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. దానికే భయమేసింది.

మార్చి 14
ఆర్డర్ బాబాయికి.

మార్చి 15
అన్నం మానేశాను. నీ చేత్తోనే నిన్ను ఓడించుకున్నావు అన్నాను. నాన్న నవ్వాడు. ఎవడు ఓడాడురా, వాళ్లు ఎంచింది నా పనే కదా అన్నాడు. తర్వాత నా బుష్ ఒకటి తీసి లోపల వేలు తిప్పి చూశాడు. బానే వచ్చింది, ఇంకో ఏడాదికి నన్ను మించుతావు అన్నాడు. దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలియదు. అన్నం తిన్నాను.

మార్చి 21
బాబాయి ఇంటికొచ్చాడు. ఇక లేత్ ముట్టుకోకూడదట. మంచం పక్కన నాన్న. ఇద్దరూ ఇంకా నేరుగా మాట్లాడుకోరు. ఆ ఆర్డర్ రెండు లేత్‌లకీ సరిపోతుందని మీ నాన్నకి చెప్పరా అంటాడు బాబాయి. కంపెనీవాళ్లతో మాటలు వాడి కూతురే చూసుకోవాలని, దాని గొంతుకి వాళ్లే లొంగుతారని మీ బాబాయికి చెప్పు అంటాడు నాన్న. చెయ్యి చాస్తే అందేంత దూరం. మధ్యలో నేను పోస్టుమాన్‌ని.
షెడ్డు ఇక అమ్మక్కర్లేదు కదా అని అమ్మ నన్ను అడిగిందే అడుగుతోంది.

మార్చి 22
కంపెనీ ఇచ్చే రేటు దోపిడీ, నేనే వెళ్లి మేనేజర్ కాలర్ పట్టుకుంటానన్నాను. నోరు మూసుకోరా అని నాన్నా బాబాయీ ఒక్కసారే అన్నారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.