ఒడ్డెక్కిన ఓడ

మూడో తేదీ

ప్రియమైన లాయరమ్మకి,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా పోట్లాటలోకి దిగుతున్నామని, నువ్వు ఆ అంతర్జాతీయ సభలో చేపల ఓడల చట్టం రాస్తున్నన్నాళ్లూ ఉత్తరాలే రాసుకుందామని తీర్పిచ్చింది నువ్వే. అందుకే రాస్తున్నాను. నువ్వు లేని ఇల్లు ప్రశాంతంగా ఉందని మొదలుపెడదామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. ఇల్లు బోసిగా ఉంది.

రేవులో ఒక గొడవ నెత్తికెత్తుకున్నాను. మొన్న ఐసు కోసమని ఒక తెల్ల ఓడ వచ్చింది. తనిఖీకి వెళ్లి, పేరు రాసిన చోట గోటితో గీకితే కింద ఇంకో పేరు కనిపించింది. ఇంకాస్త గీకితే మూడోది. శీతల గది నిండా చేపలే. ఎక్కడ పట్టారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఏ దేశం జెండా ఎగరేస్తోందో ఆ దేశాన్నే అడిగితే, అలాంటి ఓడ తమకు తెలీదని జవాబొచ్చింది. నేను ఓడను ఆపేశాను.

"ఏ చట్టం కింద ఆపావయ్యా?" అని మా పెద్దసారు నన్ను పీక్కు తింటున్నాడు. మా ఆవిడ ఇంకా రాస్తోంది సార్ అని చెప్పలేను కదా! అనుమానం ఉన్న ఓడను రేవులోనే ఆపి, ఎక్కి, తనిఖీ చేయాలనే మీ వాక్యాన్ని, సభ ఒప్పుకున్న రోజు నుంచే అమలు చేస్తామని మన ప్రభుత్వం మాటిచ్చిందట. అది ఇరవయ్యో తేదీలోపు తేలకపోతే ఓడ వెళ్లిపోతుంది. నన్ను లైట్‌హౌస్‌కి బదిలీ చేస్తారు. దానికి రెండొందల పద్నాలుగు మెట్లు. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు.

షుగరు గురించి అడుగుతావని ముందే చెబుతున్నాను. రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. బేకరీ వైపు కన్నెత్తి చూడడం లేదు.

నీ
తనిఖీదారు

---

ఆరో తేదీ

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. గోటితో గీకారా? పోయినేడు మన బీరువా మీద రంగు కూడా అలాగే గీకి పాడుచేశారు. ఈసారికి మాత్రం శభాష్.

ఇక్కడి సంగతి వింటే మీకు నవ్వాలో ఏడవాలో తెలీదు. తొంభై దేశాల వాళ్లం కూర్చుని మూడు రోజులుగా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాం. ఓడను "తప్పనిసరిగా" తనిఖీ చేయాలా, "వీలైనంత వరకు" చేయాలా అని. వీలైనంత వరకు అంటే మీరు ఇంటి పని చేసినట్టే. ఎప్పటికీ వీలు కాదు.

అడ్డుపడుతున్నది ఓడల యజమానుల తరఫు లాయరు. రోజుకో పట్టు టై కట్టుకొస్తాడు. మేమంతా పట్టుటై అనే పిలుస్తాం. ప్రతి ఓడలోనూ అది ఎక్కడుందో ఆకాశంలోని ఉపగ్రహానికి చెప్పే పెట్టె ఉన్నప్పుడు ఇక మనుషులు ఎక్కి చూడడం దేనికి అంటాడు. ఉదాహరణకి ఏ ఓడను తీసుకున్నాడనుకున్నారు? మీ తెల్ల ఓడనే! నిషేధం ఉన్న నీళ్లలోకి అది అడుగైనా పెట్టలేదని దాని పెట్టె చెబుతోందట.

దాన్ని ఆపింది మా ఆయనేనని వెంటనే అధ్యక్షులవారికి చెప్పేశాను. "వాక్యం గురించి ఎంతసేపైనా మాట్లాడండి, ఓడ గురించి మాత్రం నేను అడిగితే తప్ప నోరెత్తకండి," అన్నారాయన. నోరు కట్టుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మీకు చెప్పాలా?

ఒక్క మాట. ఆ పెట్టె సాక్ష్యం. మీ ఆఫీసు బీరువాకి తాళం పడదు, పైకప్పు కారుతుంది. దాన్ని అక్కడ వదలకండి. మీ దగ్గరే పెట్టుకోండి.

కాకరకాయ మొహం పెట్టకుండా మందులు వేసుకోండి.

మీ
లాయరమ్మ

---

పదో తేదీ

ప్రియమైన లాయరమ్మకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఉత్తరం అందిన రోజే పెట్టె ఊడదీసి తెచ్చి నా చేతిసంచిలో వేసుకున్నాను. ఆఫీసుకీ అదే సంచి, నడకకీ అదే సంచి. స్నానానికి వెళ్తే గుమ్మం బయట కుర్చీలో పెట్టి, తలుపు ఓరగా తెరిచి చూసుకుంటున్నాను. తీగలన్నీ పీకేశాను కాబట్టి ఇప్పుడది వట్టి డబ్బా. నవ్వకు. ఆస్పత్రిలో మీ అమ్మ పక్కనుంచి కదలొద్దన్నావని ఎక్స్‌రే గదిలోకి కూడా వెళ్లినవాణ్ణి నేను. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే నాకు తెలుసు.

ఓడలో ఎనిమిది మంది నావికులున్నారు. కాగితాలు లేవని ఒడ్డుకు దిగనివ్వరు. యజమాని ఫోనెత్తడు. పొద్దున నేను జెట్టీ మీదికి వెళ్లగానే అందరూ ఓడ రెయిలింగు దగ్గరికొచ్చి చేతులూపుతారు. వాళ్లలో వంటవాడికి మన పెద్దాడి వయసుంటుంది. చూస్తే మనసు పాడవుతోంది.

పెద్దసారు నా బదిలీ కాగితం టైపు చేయించి, తేదీ దగ్గర ఖాళీ వదిలి బల్ల మీద పెట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లినప్పుడల్లా దాన్ని సర్దుతాడు. నాకు భయంగానే ఉంది. పాతికేళ్ల ఉద్యోగంలో ఒక్క ఓడను ఆపాను, అదీ వదిలేయాల్సి వస్తే తలెత్తుకోలేను. ఆ "తప్పనిసరిగా" సంగతి చూడు.

షుగరు బావుంది. బేకరీ ఎటువైపో కూడా మర్చిపోయాను.

నీ
తనిఖీదారు

---

పదిహేడో తేదీ

ఏమండీ,

ప్రియమైన అని రాయడం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఇవాళ పొద్దున పట్టుటై విజయగర్వంతో లేచాడు. "ఆ రేవు వాళ్లు ఓడను ఆపామంటున్నారు. అది తొమ్మిది రోజులుగా రోజూ షికారు కొడుతోంది. ఓడను కట్టేయడం చేతకానివాళ్లకి తనిఖీ అధికారమా?" అంటూ పెట్టె చెప్పిన దారిని తెర మీద వేయించాడు. అది సముద్రం మ్యాపు. నేలంతా వట్టి పసుపు రంగు. నీలం దాటి పసుపులోకి ఒక ఎర్ర చుక్క నింపాదిగా నడిచి వెళ్తోంది.

"ఓడ ఒడ్డెక్కిందేమిటి?" అన్నారు అధ్యక్షులవారు. వీధులున్న మ్యాపు తెప్పించారు. ఇక చూడండి! ఓడ చేపల బజారు సందులోకి తిరిగింది. రైలు గేటు దగ్గర ఆగింది. గేటు తీశాక కదిలింది. మంగలి షాపు ముందు ఆగి ఎవరితోనో కబుర్లాడింది. ఆ సందు, ఆ గేటు, ఆ షాపు నాకు తెలియనివా? తర్వాత చుక్క ఒక మూల మలుపు దగ్గర నలభై నిమిషాలు కదలకుండా నిలబడింది. తొమ్మిది రోజులూ అక్కడే.

"దీన్ని ఎవరైనా వివరించగలరా?" అని అడుగుతూ అధ్యక్షులవారు నేరుగా నావైపే చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"అధ్యక్షా, అది ఓడ కాదండీ. మా ఆయన."

తొంభై దేశాల భాషల్లోకి అనువాదమై, ఒక్కో మూల నుంచీ ఒక్కోసారి నవ్వు వచ్చింది. పెట్టె ఆయన సంచిలో ఉందని చెప్పాక, ఆ నలభై నిమిషాల చోటేమిటని అడిగారు. బేకరీ అని చెప్పాను. రెండోసారి ఇంకా గట్టిగా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడు ఒక చిన్న దీవి నుంచి వచ్చిన పెద్దావిడ మైకు అందుకున్నారు. మూడు వారాలుగా ఆవిడ గొంతు మేం వినలేదు. "ఓడ బేకరీలో ఉందని పెట్టె చెబితే నవ్వాం. అదే ఓడ మా నీళ్లలోకి రాలేదని చెబితే మాత్రం ఎందుకు నమ్మాలి? మా పిల్లలకి చేపలు దొరకడం లేదు. పెట్టెను ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ఓడను మోసుకుపోలేరు. మనిషి ఎక్కి చూడాల్సిందే," అన్నారు. పట్టుటై టై సర్దుకుంటూ కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నానికి "తప్పనిసరిగా" ఖరారైంది. ఉత్తర్వు రేపే మీ పెద్దసారుకి చేరుతుంది. ఓడ ఎక్కడికీ పోదు, మీరూ లైట్‌హౌస్ ఎక్కక్కర్లేదు. మీ వల్లే గెలిచాం. ఆ ముక్క ఒప్పుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. కన్నెత్తి చూడడం లేదన్న బేకరీలో రోజుకి నలభై నిమిషాలా? అంతర్జాతీయ సభలో దొరికిపోయిన మొగుడు మీరొక్కరే అయ్యుంటారు. షుగరు పెరిగి మీకేమైనా అయితే నేనేం కావాలి? ఇరవై నాలుగున వస్తున్నాను. సంజాయిషీ రాసి ఉంచండి.

మీ భార్య

---

ఇరవయ్యో తేదీ

ప్రియమైన, కోపం వచ్చినా ప్రియమైన లాయరమ్మకి,

ఉత్తర్వు వచ్చింది. పెద్దసారు బదిలీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగే బల్ల కాలు కింద దోపాడు. ఆ పెట్టెలోనే బ్యాటరీ ఉంటుందని, తీగలు పీకినా నెల రోజులు బతుకుతుందని నాకెవరూ చెప్పలేదు.

సంజాయిషీ రాస్తున్నాను. బేకరీకి వెళ్లాను. ఓడలో తిండి అయిపోయింది. ఎవరిని అడిగినా ఎనిమిది మందికి తిండి పెట్టే బాధ్యత తమది కాదన్నారు. పొయ్యిలోంచి బన్నులు దిగేదాకా నిలబడి, వేడివేడిగా పట్టుకెళ్లి తాడు కట్టిన బుట్టలో పైకి పంపాను. నలభై నిమిషాలు అందుకే. నీకు రాస్తే నువ్వు సభలో దాచలేవు. తెలిస్తే నేను సాక్షులకి తిండి ఎరవేశానంటాడు పట్టుటై. అందుకే నీ దగ్గర దాచాను. అబద్ధమాడినందుకు క్షమించు.

వాళ్లని నేనేమీ అడగలేదు. మొన్న ఉత్తర్వు చదివి వినిపించాక వంటవాడే నోరు విప్పి, వాంగ్మూలం ఇచ్చాడు. పెట్టెను ఒక ఖాళీ పీపాకి కట్టి, అనుమతి ఉన్న నీళ్లలో తేలనిచ్చి, ఓడను మాత్రం ఆ దీవి దగ్గరికి తీసుకెళ్లేవారట. ఆ పెద్దావిడకి ఈ మాట చెప్పు. అలాగే, ఓడను ఆపిన రేవు అందులో ఉన్న మనుషులకి అన్నం పెట్టాలని ఇంకో వాక్యం రాయి. "తప్పనిసరిగా" అనే రాయి.

బేకరీవాడిని అడిగితే రోజూ తొమ్మిది బన్నులు కొన్నానని చెబుతాడు. నావికులు ఎనిమిది మందే. ఎలాగూ లెక్కపెడతావు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. సరుకు ఎలాంటిదో తనిఖీదారు స్వయంగా, తప్పనిసరిగా పరీక్షించాలని రాసింది నువ్వేగా.

త్వరగా వచ్చెయ్.

నీ
ఎర్ర చుక్క