రెండో గది

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న గని ఆఫీసువాళ్ళు మళ్ళీ రెండు గదుల క్వార్టరు ఇస్తామన్నారు. మొదటిసారి ఇస్తామన్నప్పుడు వద్దన్నది నువ్వే.

"రెండర్రలైతే నన్ను కేకేసి పిలుస్తవు. గీ ఒక్కదాంట్ల మెల్లగ మాట్లాడుకోవచ్చు. ఊడ్చుడు గూడ జల్ది అయితది, పొద్దూకినంక బయట కూసోవచ్చు" అన్నావు.

అట్లాగే కూర్చున్నాం. మందమర్రి బొగ్గు దుమ్ము మీద పడుతున్నా, చీకటి పడేదాకా గడప ముందు మంచం మీదే ఉండేవాళ్ళం. రెండు పళ్ళేలు, రెండు చెంబులు, ఒక పెట్టె. ఇంకేదీ కావాలనిపించలేదు.

ఈసారి నేను సరేనన్నాను. సంవత్సరీకానికి వచ్చిన అక్క విని నవ్వింది.

"ఇద్దరుండంగ ఒక్క అర్రల ఎల్లదీసిండ్రు. ఇప్పుడు ఒక్కనికి రెండెందుకు తమ్మీ? ఎలుకలకు కిరాయికిస్తవా?"

నిజమే, ఉన్న గది ఊడ్చుకునే ఓపిక కూడా లేదు. కానీ ఇక్కడ తలుపు తీయగానే నువ్వు లేవని తెలిసిపోతుంది. అక్కడైతే గడపలో నిలబడితే కనబడని గది ఒకటుంటుంది.

డ్యూటీ నుంచి రాగానే, నువ్వు అన్నట్టే, కేకేసి పిలుస్తాను.