బిజిలి మెడలో గుది

తాడిపత్రి, జనవరి 6

ప్రియమైన ఓబన్నా,

మంద వెంట నువ్వు తిరిగే చోట ఫోను పలకదు. అందుకే ఏడో తరగతి బెంచీ మీద చీటీలు రాసుకున్నట్టు మళ్ళీ కాగితం పట్టాను. ఈ ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరు బాబావలి దగ్గర ఒక కుక్క కూడా ఉంది, దింపుకో. పేరు బిజిలి. బార్డర్ కోలీ జాతి. గొర్రెలు కాయడానికే పుట్టిన జాతి అంటారు. మా అమ్మాయి షమా ముచ్చటపడితే పిల్లప్పుడు తెచ్చాను, ఇప్పుడు ఏడాది దాటింది.

మా బండల పాలిష్ షెడ్డులో దానికి చోటు చాలడం లేదు. తోడేలు నీ గొర్రెపిల్లలు రెండింటిని ఎత్తుకుపోయిందని విన్నప్పటి నుంచి ఇది నీ దగ్గరుంటే బాగుంటుందని అనుకుంటున్నాను. ముద్దుగా పెంచాం. రోజూ పెన్న ఒడ్డున పరుగెత్తించేవాణ్ణి. తిప్పమ్మ వదినకు నా సలాం చెప్పు.

నీ అస్లాం

పామిడి, జనవరి 19

ప్రియమైన అస్లామూ,

నీ సలాం మీ వదినకు నచ్చింది. కుక్కే నచ్చలేదు. మా కుక్కలు మంద పక్కన నడుస్తాయి, తోడేలు వస్తే తిరగబడతాయి. నీ బిజిలి అలా కాదు. పొట్ట నేలకు ఆనించి, రెప్ప వేయకుండా గొర్రెల్ని చూస్తుంది. ఉన్నట్టుండి లేచి మందంతా చుట్టి ఒక్కచోట కుప్ప చేస్తుంది. వెనకబడినదాని కాలు నోటితో పట్టుకుంటుంది. చూలు గొర్రెలు రొప్పుతున్నాయి. "ఇది కుక్క చూపు కాదప్పా, తోడేలు చూపు. మెడకు గుది కట్టు, లేకుంటే ఈడ ఒక్క గొర్రె కూడా మిగల్దు" అని తిప్పమ్మ పోరు.

ఇంకొక సంగతి. గొర్రెలు దొడ్లో పడ్డాక కూడా ఇది ఖాళీ నేల మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఎప్పుడూ ఎడమవైపుకే. ఇది జాతి గుణమా, నేర్చుకున్న చెడ్డ అలవాటా? దీన్ని కట్టేసి పెంచావా? జాతి గుణమైతే, ఇన్నాళ్లూ కట్టేసి ఉంచడం వల్ల ఇలా ఎక్కువైతే, ఓపిక పట్టి మాట నేర్పుకుంటాను. నిజం రాయి. అప్పటిదాకా గుది కట్టను.

ఇట్లు, నీ జవాబు కోసం చూసే ఓబన్న

తాడిపత్రి, జనవరి 27

ప్రియమైన ఓబన్నా,

కట్టెయ్యడమా? ఒక్క రోజు కూడా కట్టలేదు. షమాతో సమానంగా చూసుకున్నాం. జాతి సంగతులు నాకేం తెలుసు, రాళ్లు కోసుకునేవాణ్ణి. కొత్త చోటికొచ్చి పొగరెక్కినట్టుంది. పశువుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి. షెడ్డులో పని ఊపిరాడనివ్వడం లేదు.

అస్లాం

పామిడి, మార్చి 11

ప్రియమైన అస్లామూ,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నీ జవాబు వచ్చిన రోజే గుది కట్టాను. మెడకు తాడు, తాడుకు మూరెడు తుమ్మకర్ర. నడిస్తే ఏమీ కాదు, పరుగెత్తితే మోకాళ్లకు కొట్టుకుంటుంది. బిజిలి నడవడం నేర్చుకుంది. కళ్ళతో మాత్రం మందను చుడుతూనే ఉండేది.

పోయిన గురువారం పెద్ద రోడ్డు పక్కన మేపుతుంటే ఒక లారీ టైరు పేలింది. పొట్టేలు బెదిరి రోడ్డు వైపు పరుగు తీసింది. గొర్రెదాటు నీకు తెలుసు కదా, ఎనభై గొర్రెలూ దాని వెనకే. నా కుక్కలు మొరిగాయి. నేను అరిచాను. బిజిలి గుదితోనే పరుగెత్తింది. కర్ర మోకాళ్లకు కొట్టుకునే చప్పుడు నాకు అంత దూరానికీ వినిపించింది. మందకు ఎదురు నిలిచి, పొట్టేలు కళ్ళలోకి చూసి వెనక్కి తిప్పింది. ఒక్క గొర్రె పోలేదు.

దాని ముందుకాళ్లు రెండూ పచ్చిపుండ్లు. కుడి మోకాలు చిట్లింది. పశువుల డాక్టరు కట్టు కట్టి, మందను చుట్టడమే ఈ జాతి పని అని, పని లేకపోతే దీనికి పిచ్చెక్కుతుందని నన్ను చీవాట్లు పెట్టాడు. తిప్పమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని "తోడేలంటిని గదమ్మా నిన్ను" అని ఏడుస్తోంది. నువ్వు బిడ్డలా పెంచి పంపితే నేను కాళ్లు విరిచాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు.

ఓబన్న

తాడిపత్రి, మార్చి 15

ప్రియమైన ఓబన్నా,

నువ్వు నన్ను క్షమాపణ అడిగావు. ఆ కాగితం రెండోసారి చదవలేక జేబులో దాచాను. షమా తీసి చదివింది. "నువ్వు రాస్తావా అబ్బాజాన్, నన్ను రాయమంటావా?" అని అడిగింది.

బిజిలిని పదకొండు నెలలు షెడ్డులో ఇనుప స్తంభానికి కట్టేశాను. పెన్న ఒడ్డు దానికి చూపించనైనా లేదు. పనివాళ్ల మడమలు పట్టుకుంటోందని గొలుసు ఇంకా పొట్టి చేశాను. ఆ స్తంభం చుట్టూ నేల గుండ్రంగా గాడి పడి ఉంది. అది ఎడమవైపుకే ఎందుకు తిరుగుతుందో ఆ గాడి చూస్తే తెలుస్తుంది. నీకు డాక్టరు చెప్పిన మాట ఇక్కడి డాక్టరు నాకు దసరాకే చెప్పాడు. రెండు పూటలా పరుగు ఉండాలి, ఒక పని ఉండాలి, ఆ పని చెప్పే మనిషి ఉండాలి అన్నాడు. నా వల్ల కాలేదని ఒప్పుకోవడం చిన్నతనమనిపించి నీకు బహుమతిగా పంపాను.

నువ్వు సూటిగానే అడిగావు. అవునని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ కర్ర దాని మెడకు ఎక్కేది కాదు. నీ ముందు మంచివాడిగా ఉండటానికి దాని కాళ్లు ఇచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రమ్మంటే ఆదివారం వస్తాను. వద్దన్నా న్యాయమే.

నీ స్నేహానికి తగని అస్లాం

పామిడి, మార్చి 20

ప్రియమైన అస్లామూ,

సిగ్గంతా నువ్వే ఎత్తుకోకు, నా వాటా నాకు ఉంచు.

బిజిలి లారీ దిగిన రోజే దాని మెడ బొచ్చు పక్కకు తీసి చూశాను. చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుక లేదు, చర్మం మొద్దుబారింది. ముప్పై ఏళ్లుగా పశువుల మెడలు చూస్తున్నవాణ్ణి, గొలుసు మచ్చ తెలియదా? తెలిసే నిన్ను అడిగాను. నీ జవాబు అబద్ధమని చదివినప్పుడే తెలుసు. కానీ ఆ అబద్ధం నాకు వీలుగా ఉంది. నువ్వు నిజం రాసి ఉంటే ఓపిక పట్టాలి కదా. నమ్మినట్టు నటించి, ఆ మచ్చ మీదే తాడు ముడి వేశాను. పోయిన ఉత్తరంలో ఇది దాచి, నీ దగ్గర క్షమాపణ అడిగి మంచివాణ్ణయ్యాను.

గుదిని తిప్పమ్మ పొయ్యిలో పెట్టింది. బిజిలి ఇక ఎప్పటికీ కుంటుతుందట. రెండు మాటలు నేర్పుతున్నాను, "నిలు" అనీ "చాలు" అనీ. రెండోది దానికి ఎక్కడం లేదు.

ఆదివారం రా, షమాను కూడా తీసుకురా. మనుషుల్ని కూడా మందలో కలపాలని చూస్తుంది అది. కుంటుకుంటూ వెనక నుంచి వచ్చి నీ మడమ పట్టుకుంటుంది. కాలు లాక్కోకు.

ఎదురుచూస్తూ, నీ ఓబన్న