అరలో దాచిన గడప

బాలకృష్ణా, నువ్వూ వడ్రంగి సోమాచారీ కలిసి అమ్మను మోసం చేశారు. గోడ అలమారకు మందమైన అరలు చెయ్యమన్నది నేనే. పైనా కిందా ప్లైవుడ్, నడుమ కట్టె చట్రం, మిగతాదంతా డొల్ల. ఆ చట్రానికి ప్రాజెక్టు నీళ్లల్ల మునిగిన మన ఊరి ఇంటి నుంచి నాయన ఊడబెరికి తెచ్చిన గడపే దొరికిందా? మళ్లీ మన ఊరికి పోతామని పాతికేండ్లు అటక మీద దాచి, ఆ ఆశతోనే కన్నుమూశాడు ఆయన. "లోపల ఎవలికి కనపడ్తది" అన్నాడంట చారి.

అమ్మకు మనం ఎవరమూ చెప్పలేదు. అయినా మొన్నటి నుంచి ఆ అర అంచుకు పసుపు రాసి బొట్లు పెడుతోంది. "గడపను బోసిగ ఉంచుతరా?" అని నన్నే తిట్టింది.

నిన్న మధ్యాహ్నం అర లోపల ఎవరో తట్టారు. చెదలు గట్ల తట్టవు. అమ్మ "వస్తున్న, జర ఆగు" అంటూ లేచింది. నాయన చేను నుంచి వచ్చి తలుపు తడితే అనే మాట అది. ఇప్పుడు చీరలు మూట కట్టి అర కింద పెట్టుకుంది.

నేను నిర్వాసితుల ధర్నాకు కొల్లాపూర్ పోతున్నా. గిన్నెలో సద్ది ఉంది, తిను. చారిని పిలిచి అర పగలగొట్టించు. గడపను వాకిట్లో బిగించు. వచ్చేటోళ్లు వాకిట్లోంచే రావాలి.

అమ్మ నీళ్లకు పోయింది. ఈ చీటీ రాస్తుంటే ఇప్పుడే మళ్లీ తట్టారు. "వస్తున్న" అనబోయి నోరు మూసుకున్నాను. అమ్మ తిరిగి రాకముందే పగలగొట్టు.